వాతావరణ పద్దులో వడ్డీయే అసలు

ఏటా నవంబరు వచ్చిందంటే ఏదో ఒక దేశంలో వాతావరణ సదస్సు, గడువు దాటిన రాత్రి బయటపడే ముసాయిదా, ఇది చాలదని వర్ధమాన దేశాలు, ఇదే ఎక్కువని సంపన్న దేశాలు... మూడు దశాబ్దాలుగా చూస్తున్న తంతే. 2025లో బ్రెజిల్‌లోని బెలేంలో జరిగిన 30వ సదస్సూ ఆ దారిలోనే నడిచింది. ఈసారి తేడా ఏమిటంటే, ప్రతినిధులు పెట్టెలు సర్దుకుని ఇళ్లకు చేరిన ఆరు వారాలకే, 2026 జనవరి 1న, ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సుంకం అసలు దశలోకి వచ్చేసింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు - వీటిని అక్కడికి తెచ్చుకునే దిగుమతిదారు ఆ సరుకు తయారీలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌కు వెల కట్టాలి. ఆ భారం దిగుమతిదారు దగ్గరే ఆగదు, బేరంలో మన ఎగుమతిదారు నెత్తికి ఎక్కుతుంది. దాంతో పాత ప్రశ్న కొత్త కోపంతో ముందుకొచ్చింది: పొగ పెట్టింది వాళ్లు, బిల్లు కట్టేది మనమా?

ప్రశ్న న్యాయమైనదే. దానికి మన దగ్గర వినిపించే జవాబులే అరకొరగా ఉన్నాయి. వాతావరణ విధానమంతా పేద దేశాల కాళ్లకు వేసిన బంధమని ఒక వర్గం తేల్చేస్తుంది. భూగోళానికి వెల కట్టడమేమిటని మరో వర్గం లెక్క అడిగినవాడినే నిందిస్తుంది. ఖర్చెంత, లాభమెంత, ఎవరిది ఎవరి ఖాతాలో పడుతోందన్న విషయం ఇద్దరికీ పట్టదు. ఆ పద్దును విప్పి చూస్తే ఉద్గారాల అంకెల కంటే వడ్డీ రేటే పెద్ద ఆటగాడని అర్థమవుతుంది. రేపటి నష్టాన్ని ఇవాళ్టి రూపాయల్లోకి మార్చేటప్పుడు ఆర్థికవేత్త ఎంచుకునే రేటు ఒకటి. కర్నూలులో సౌర ఫలకాలు పెట్టేవాడికి బ్యాంకు వేసే రేటు రెండోది. ఈ రెండింటి మీదే మన ఖర్చూ లాభమూ తేలతాయి.

మొదటి రేటు మీద పోట్లాట ఇరవై ఏళ్ల నాటిది. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ ఇచ్చిన నివేదిక, ఏమీ చేయకపోతే ప్రపంచ ఆదాయంలో ఏటా 5 నుంచి 20 శాతం దాకా నష్టపోతామని, నివారణకు 1 శాతం సరిపోతుందని లెక్క కట్టింది. అమెరికా ఆర్థికవేత్త విలియం నార్ధాస్ దాన్ని ఒప్పుకోలేదు. భూతాపాన్ని ఆర్థిక నమూనాల్లోకి తెచ్చినందుకు 2018లో నోబెల్ అందుకున్న ఆయన చెప్పింది వేరు: కర్బనంపై పన్ను వేయాల్సిందే, కానీ మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఇద్దరూ ఒకే శాస్త్రాన్ని నమ్మారు. తేడా అంతా రేటులో ఉంది. నూరేళ్ల తరవాత జరిగే లక్ష రూపాయల నష్టానికి స్టెర్న్ వాడిన 1.4 శాతం రేటు చొప్పున ఇవాళ్టి విలువ దాదాపు 25 వేల రూపాయలు. నార్ధాస్ రేటుకు దగ్గరగా 4 శాతం వేస్తే అది రెండు వేల లోపు. 7 శాతం వేస్తే 115 రూపాయలు! మన మునిమనవళ్ల ఇల్లు మునగకుండా ఇవాళ పాతిక వేలు పెట్టవచ్చా, ఓ పూట హోటల్ భోజనం ఖర్చు చాలా అన్నది ఈ ఒక్క అంకె తేలుస్తుంది.

ఇది పండితుల ముచ్చట మాత్రమే అనుకోనక్కర్లేదు. టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల సమాజానికి జరిగే నష్టాన్ని అమెరికా ప్రభుత్వం ఒబామా కాలంలో 40 డాలర్ల పైచిలుకుగా లెక్కించేది. ట్రంప్ తొలి హయాంలో ఎక్కువ రేటు వేసి, అమెరికాలో జరిగే నష్టాన్ని మాత్రమే పరిగణించి దాన్ని 1 నుంచి 7 డాలర్లకు దించారు. బైడెన్ ప్రభుత్వం 2023లో 190 డాలర్లు చేసింది. 2025 జనవరిలో ట్రంప్ తిరిగి రాగానే ఆ లెక్కకే మంగళం పాడే ఆదేశాలిచ్చారు, పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి తప్పుకొన్నారు. గాలిలో మార్పేమీ లేదు, కుర్చీలో మనిషి మారాడు. మార్టిన్ వైట్జ్‌మన్ అనే మరో ఆర్థికవేత్త అందుకే ఈ సగటు లెక్కలన్నింటినీ అనుమానించారు. మహా విపత్తు జరిగే అవకాశం తక్కువే అయినా జరిగితే కోలుకోలేం కాబట్టి దీన్ని పెట్టుబడిగా కాక బీమా ప్రీమియంగా చూడాలన్నది ఆయన వాదం. నా మటుకు నాకు ఈ మూడింటిలో వైట్జ్‌మన్ మాటే గట్టిగా నిలబడుతుందనిపిస్తుంది. అయితే ప్రీమియం ఎవరు కట్టాలన్న దానికి ఆయన దగ్గరా జవాబు లేదు.

సగటులో కనబడనివాళ్లు

ప్రపంచ మొత్తం లెక్కలో ఇంకో మెలిక ఉంది. నష్టాన్ని డాలర్లలో కొలిచినప్పుడు ఆస్తి ఎక్కువ ఉన్నవాడి నష్టమే పెద్దదిగా కనిపిస్తుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో అలలకు కొట్టుకుపోయిన మత్స్యకారుల ఇళ్లన్నీ కలిపినా ఫ్లోరిడా తీరంలో ఒక్క విల్లా ధర పలకవు. సంపన్నుడి డాలరు, పేదవాడి డాలరు ఒకటే అనుకుంటే భూతాపం వల్ల ఉష్ణ దేశాల్లో జరిగే నష్టం అడుగున చిన్న అక్షరాల్లోకి పోతుంది. తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం అమెరికాలో 14 టన్నుల దరిదాపుల్లో, మన దగ్గర 2 టన్నుల చొప్పున ఉంది. పారిశ్రామిక విప్లవం నుంచి పోగుపడిన మొత్తంలో అమెరికా వాటా నాలుగో వంతు, మనది 4 శాతంలోపే. బతకడానికి వదిలే పొగనూ విలాసానికి వదిలే పొగనూ ఒకే కాటాలో తూచవద్దని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే రాశారు. ఆ వాదన బలం ఇప్పటికీ తగ్గలేదు. కాకపోతే, ఏటా వెలువడే ఉద్గారాల్లో చైనా, అమెరికాల తరవాత మూడో స్థానంలో ఉన్న దేశానికి ఆ ఒక్క వాదనతో పని జరగదు.

మరి నివారణ వల్ల మనకు ఒరిగేదేమిటి? 2015 మే నెల వడగాల్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే. ఎండకు పని ఆగిపోవడం వల్ల 2030 నాటికి భారత్ 5.8 శాతం పనిగంటలు, అంటే 3.4 కోట్ల పూర్తికాల ఉద్యోగాలకు సమానమైన శ్రమ కోల్పోతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఆ గంటలు ఏసీ గదుల్లోవి కావు. ఉపాధి హామీ గుంతల్లో, ఇటుక బట్టీల్లో, మిరప కల్లాల్లో పోయేవి. అంటే నివారణ లాభంలో మన వాటా పెద్దది. కానీ ఆ లాభం మన ఒక్కరి చర్యతో రాదు, అందరూ కదిలితేనే వస్తుంది. అంతర్జాతీయ విధానం మనకు కావలసింది ఇందుకే. ఎవరికో మేలు చేయడానికి కాదు.

తట్టుకునే ఏర్పాట్ల సంగతి వేరు. వాటి లాభం పెట్టిన చోటే దక్కుతుంది. 1977 దివిసీమ ఉప్పెన దాదాపు పదివేల మందిని మింగింది. 1990లో దాదాపు అంతటి తుపానే కృష్ణా తీరాన్ని తాకితే మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. 2014లో హుద్‌హుద్ విశాఖ నడిబొడ్డున తీరం దాటినా రాష్ట్రంలో చనిపోయినవారు వందకు మించలేదు. హెచ్చరిక కేంద్రాలు, తుపాను షెల్టర్లు, ముందే జనాన్ని తరలించే అలవాటు - పెట్టిన ప్రతి రూపాయికీ ప్రాణాల రూపంలో ప్రతిఫలం వచ్చింది. అయితే అదే హుద్‌హుద్‌కు ఆస్తి నష్టం 21 వేల కోట్ల రూపాయలు దాటిందని రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది. మనుషుల్ని తరలించగలం గానీ రన్‌వేను, రేవును, కొబ్బరి తోటను తరలించలేం. తట్టుకునే ఏర్పాట్లు చేసుకుంటే చాలు, నివారణ ఎందుకనేవారు ఈ రెండో అంకెను కూడా చెప్పాలి.

ఒప్పందాల వల్ల ఒరిగిందెంత?

అంతర్జాతీయ ఒప్పందాలన్నీ కాగితం పులులేనన్న మాట పూర్తిగా నిజం కాదు. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడిక ఖర్చుకు ఎన్నో రెట్ల లాభం ఇచ్చింది. తయారీదారు కంపెనీలు కొద్ది, ప్రత్యామ్నాయ వాయువులు చేతికందేంత దూరంలో ఉన్నాయి, చర్మ క్యాన్సర్ భయం సంపన్న దేశాల ఓటరుదే. ఆ కథలో మనకు పనికొచ్చే ఘట్టం ఇంకొకటి. మారడానికయ్యే అదనపు ఖర్చు ఎవరిస్తారో తేలేదాకా భారత్, చైనా సంతకం పెట్టలేదు. 1990లో లండన్‌లో ప్రత్యేక నిధికి ఒప్పుకున్నాకే మనం 1992లో చేరాం. బేరం ముందు, సంతకం తరవాత. ఆ నిధి అప్పు కాదు, గ్రాంటు. వాతావరణ ఒప్పందాల్లో ఈ వరస తలకిందులైంది.

క్యోటో ఒడంబడిక కథ మాంట్రియల్ కథకు భిన్నం. 1997లో కుదిరిన దాన్ని అమెరికా ఆమోదించనే లేదు, కెనడా మధ్యలో తప్పుకొంది. పేద దేశాల్లో ఉద్గారాలు తగ్గిస్తే క్రెడిట్లు ఇస్తామన్న ఏర్పాటు వింత దారి పట్టింది. శీతలీకరణ వాయువు తయారీలో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే ఉప ఉత్పత్తి వెలువడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే భూమిని వేడెక్కించే దాని శక్తి పదివేల రెట్లకు మించి ఉంటుంది. కాల్చేయడానికయ్యే ఖర్చు మాత్రం స్వల్పం. క్రెడిట్లు అమ్మితే వచ్చే సొమ్ము అసలు వాయువు మీది లాభాన్ని మించిపోవడంతో చైనా, భారత్‌లలోని కొన్ని కర్మాగారాలకు వ్యర్థమే పంటయింది. 2013 నుంచి ఐరోపా ఆ క్రెడిట్లను నిషేధించింది. 2016లో మన ప్రభుత్వం ఆ వాయువును కంపెనీలు సొంత ఖర్చుతోనే కాల్చేయాలని ఆదేశించింది. చివరికి తేలిందేమిటంటే, ఒక్క ఉత్తర్వుతో కారుచౌకగా అయ్యే పనికి ప్రపంచం ఏళ్ల తరబడి భారీగా చెల్లించింది. కర్బన మార్కెట్లంటే నోరూరేవారు ఈ అధ్యాయం చదవాలి.

పారిస్ ఒప్పందం ఎవరి లక్ష్యం వారే రాసుకునే పద్ధతి. శిక్ష లేదు. అయినా, పారిస్‌కు ముందు ఈ శతాబ్ది చివరికి 3.7 నుంచి 4.8 డిగ్రీల మధ్య పెరుగుతుందనుకున్న ఉష్ణోగ్రత, ఇప్పుడున్న విధానాలే సాగితే 2.8 డిగ్రీల దగ్గర ఆగవచ్చని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2025 నివేదిక చెబుతోంది. ఈ తగ్గుదల ఘనతంతా ఒప్పందానిది కాదు. పెద్ద వాటా సౌర ఫలకాల ధర పతనానిది. దాని వెనక ఉన్నది జర్మనీ గృహిణి కరెంటు బిల్లు. 2000లో చేసిన చట్టంతో జర్మనీ సౌర, పవన విద్యుత్తుకు ఎక్కువ ధర హామీ ఇచ్చి, ఆ భారాన్ని వినియోగదారుల బిల్లులో వేసింది. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లకు చేరింది. ఆ గిరాకీ చూసి చైనా ఫ్యాక్టరీలు కట్టింది, ధర పడింది. 2010లో మన తొలి సౌర వేలంలో సగటు ధర యూనిట్ 12 రూపాయలు. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని గ్రామంలో అది 4.63, 2017 ఏప్రిల్లో కడపలో 3.15. ఇప్పుడు రెండున్నర రూపాయల దరిదాపుల్లో ఉంది. జర్మనీ తన లెక్కలో ఇది నష్టం బేరమే అనుకోవచ్చు, మనకు మాత్రం పైసా పెట్టకుండా దక్కిన లాభం.

డెన్మార్క్ రచయిత బ్యోర్న్ లోంబోర్గ్ లాంటివారు అడిగేది ఇక్కడే: ఉద్గారాల లక్ష్యాల మీద లక్షల కోట్లు పోసే బదులు పరిశోధన మీద పెడితే మేలు కదా? ఆయన నడిపిన కోపెన్‌హేగెన్ కన్సెన్సస్ 2004లో ప్రపంచ సమస్యలకు వరస కట్టినప్పుడు క్యోటో, కర్బన పన్ను ప్రతిపాదనలు అట్టడుగున నిలిచాయి. మలేరియా, పోషకాహారం పైకొచ్చాయి. ఈ వాదనను వెక్కిరించి తోసేయడం సులువు గానీ, అందులో నిజం ఉంది. గిరిజన గూడెంలో రక్తహీనతకు ఖర్చయ్యే రూపాయి ఇచ్చే ఫలితం చాలా వాతావరణ పథకాల కంటే ఎక్కువే. కానీ సౌర ఫలకం చౌకయింది ప్రయోగశాలలోనే కాదు, కోట్ల ఫలకాలు తయారుచేసి బిగించడంలో. పరిశోధన ముందు, వాడకం తరవాత అన్న వరస అక్కడ పనిచేయలేదు. పైగా వాతావరణానికి వద్దన్న డాలరు పోషకాహారానికి మళ్లుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

కర్నూలు ఎండ, జర్మనీ వడ్డీ

ఇక రెండో వడ్డీ రేటు. ఒక మెగావాట్ సౌర ప్లాంటుకు 4 కోట్ల రూపాయలు పెట్టుబడి అనుకుందాం. మంచి ఎండ ఉన్న చోట ఏడాదికి 19 లక్షల చిల్లర యూనిట్లు వస్తాయి. పెట్టుబడిని 25 ఏళ్లలో తీర్చాలంటే 5 శాతం వడ్డీకి యూనిట్‌పై రూపాయిన్నర కంటే తక్కువే పడుతుంది. అదే 10 శాతానికి 2.30 రూపాయల దాకా వెళుతుంది. ఎండ ఒకటే, ఫలకం ఒకటే. 80 పైసల తేడా కేవలం అప్పు ధర. బొగ్గు ప్లాంటుకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే అక్కడ ఖర్చులో పెద్ద భాగం ఏటేటా కొనే ఇంధనం. సౌర, పవన, నిల్వ ప్లాంట్లలో ఖర్చంతా మొదటి రోజే. కాబట్టి వడ్డీ ఎక్కువున్న దేశాన్ని మార్కెట్టే బొగ్గు వైపు నెడుతుంది. వర్ధమాన దేశాల్లో హరిత ప్రాజెక్టులకు పెట్టుబడి వ్యయం సంపన్న దేశాల కంటే రెట్టింపునకు పైనే ఉంటుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ పదేపదే చెబుతోంది.

ఈ కోణంలో చూస్తే వాతావరణ ఆర్థిక సాయం మీద జరిగే వాదులాట సగం దారి తప్పింది. 2009లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన సదస్సులో సంపన్న దేశాలు ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. 2020 గడువు దాటి 2022లో గానీ చేరలేదు. ఇచ్చిన ప్రభుత్వ నిధుల్లో మూడింట రెండొంతులు అప్పులే. 2024 బాకూ సదస్సులో వర్ధమాన దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి 30 వేల కోట్ల డాలర్లతో సరిపెట్టారు. అదీ అన్ని మూలాల నుంచి సమీకరించేది. ఆమోదం ప్రకటిస్తూ సుత్తి పడ్డాక మన ప్రతినిధి లేచి నిరసన తెలపాల్సి వచ్చింది. మొత్తం ఎంత అన్న బేరంలో గెలవడం కష్టం, గెలిచినా వసూలు కావడం ఇంకా కష్టం. దానికంటే రూపాయి విలువ పడిపోయే ప్రమాదాన్ని, తొలి నష్టాన్ని భరించే హామీలను అంతర్జాతీయ బ్యాంకుల నుంచి రాబట్టడం తక్కువ డబ్బుతో ఎక్కువ పని చేస్తుంది. వడ్డీలో రెండు శాతం తగ్గించే హామీ, తిరిగి తీర్చాల్సిన వంద కోట్ల డాలర్ల అప్పు కంటే మేలు.

వడ్డీ పాపమంతా విదేశీ బ్యాంకులదే అంటే మాత్రం మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సౌర, పవన విద్యుత్తు ఒప్పందాల ధరలను తిరగదోడింది. వ్యవహారం హైకోర్టుకెక్కి, ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. పాత ధరలు ఎక్కువేనన్న మాటలో వాస్తవం లేకపోలేదు. విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) నష్టాలూ నిజమే. కానీ సంతకానికి విలువ లేదన్న అనుమానం ఒకసారి పుడితే, ఆ అనుమానం ఖరీదు తరవాత వచ్చే ప్రతి టెండరులోనూ వడ్డీగా కలుస్తుంది.

సుంకం వాళ్లకా, మనకా?

ఇప్పుడు ఐరోపా సుంకం దగ్గరికి వద్దాం. మన ఉక్కులో టన్నుకు సగటున రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది, ప్రపంచ సగటు రెండు టన్నుల లోపు. ఉక్కుకు ప్రస్తుతం నేరుగా వెలువడే పొగనే లెక్కిస్తారు కాబట్టి ఒక మోస్తరు కర్మాగారానికి 2 టన్నులు, ఐరోపా ప్రమాణం 1.4 టన్నులు, టన్ను కర్బనం ధర 70 యూరోలు అనుకుందాం. 2026లో సుంకం రెండున్నర శాతమే కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటున్నారు. మిగతా తొంభై ఏడున్నర శాతానికి ఇచ్చే రాయితీ ఐరోపా ప్రమాణం వరకే. దాన్ని మించిన పొగకు మొదటి రోజు నుంచే పూర్తి వెల పడుతుంది. మన ఊహా కర్మాగారానికి అది టన్ను ఉక్కుకు 44 యూరోలు. రాయితీలు పూర్తిగా తొలగే 2034 నాటికి 140 యూరోలు. యూరోను వంద రూపాయలుగా చూస్తే 14 వేల రూపాయలు. టన్ను ఉక్కు 50 వేల రూపాయల చుట్టూ తిరిగే మార్కెట్లో ఇది లాభాన్ని ఊడ్చేస్తుంది. ఆ సొమ్ము ఐరోపా ఖజానాకే పోతుంది, సరుకు తయారైన దేశంలో కొలిమి మార్చుకోవడానికి తిరిగి రావాలన్న నిబంధన లేదు. దీన్ని అన్యాయం అనకుండా ఉండలేం.

అన్యాయమని అరిచి ఊరుకుంటే సుంకం పోదు. తయారైన దేశంలో ఇప్పటికే కట్టిన కర్బన ధరను మినహాయిస్తామని ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఎలాగూ కట్టాల్సిన డబ్బును ఇక్కడే వసూలు చేసుకుంటే మంచిదన్న వాదన బలపడుతోంది. చైనా తన కర్బన మార్కెట్‌ను 2025లో ఉక్కు, సిమెంటు, అల్యూమినియాలకు విస్తరించింది. మనమూ 2023లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించాం. ఇందులో రెండు చిక్కులున్నాయి. మనం ఏటా చేసే 15 కోట్ల టన్నుల ఉక్కులో ఎగుమతి 50 లక్షల టన్నుల దరిదాపు, అందులో ఐరోపాకు వెళ్లేది ఒక భాగం. ఆ భాగం కోసం ఇక్కడ ఇల్లు కట్టుకునేవాడి కమ్మీ మీద పన్ను వేయడం తగునా అన్నది మొదటిది. లక్ష్యాన్ని దాటిన పొగకే మన పథకంలో వెల పడుతుంది కనుక సగటు టన్నుకు పడే ధర స్వల్పం, దానికి ఐరోపా ఇచ్చే మినహాయింపూ స్వల్పమే అన్నది రెండోది. అంటే సుంకం తప్పించుకోవడం ఒక్కటే కారణమైతే దేశీయ కర్బన ధర గిట్టుబాటు కాదు. గిట్టాలంటే ఆ సొమ్ము ఇక్కడ ఏం చేస్తుందో చెప్పగలగాలి. ఇదే ఐరోపా విధానం రేపు కాకినాడ హరిత అమ్మోనియాకు, పూడిమడక హైడ్రోజన్‌కు కొనుగోలుదారుల్ని వెతికి పెడుతుందన్న ఆశ ఇంకో పక్క ఉండనే ఉంది.

వసూలైన సొమ్ము ఏం చేస్తుందో చెప్పగలగడంలోనే మన చరిత్ర బాగాలేదు. బొగ్గు టన్నుపై 50 రూపాయల సెస్సు 2010లో మొదలై 2016కు 400 రూపాయలైంది. శుద్ధ ఇంధన నిధి కోసమన్నారు. 2017-18 దాకా 86 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలైతే ఆ నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు, ఖర్చయింది 16 వేల కోట్ల లోపు. 2017లో అది జీఎస్టీ పరిహార సెస్సుగా మారింది. 2025 సెప్టెంబరులో దాన్ని ఎత్తేసి బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. నికరంగా విద్యుత్ రంగపు బొగ్గుపై టన్నుకు సగటున 260 రూపాయల పన్ను తగ్గిందని బొగ్గు శాఖే చెప్పింది. ఐరోపా మన కర్బనానికి వెల కట్టడం మొదలుపెట్టడానికి మూడు నెలల ముందు, మన చేతిలో ఉన్న ఒకే ఒక్క కర్బన పన్నును మనమే తగ్గించుకున్నాం. కరెంటు చౌక కావడం తప్పని కాదు. కానీ రెండు నిర్ణయాలనూ ఒకే బల్లపై పెట్టి చూసినవారు ఢిల్లీలో ఎవరైనా ఉన్నారా అనిపిస్తుంది.

పన్ను ఎంత అన్నదాని కంటే ఎలా వేశారు, ఎవరికి తిరిగిచ్చారన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. స్వీడన్ 1991 నుంచి కర్బన పన్ను మోస్తూ, ఇవాళ ప్రపంచంలోనే ఎక్కువ ధరల్లో ఒకటి కడుతోంది. ఇతర పన్నులు తగ్గిస్తూ, మెల్లగా పెంచుతూ వచ్చారు. ఫ్రాన్స్ 2018లో డీజిలు పన్ను పెంపు తలపెడితే పసుపు చొక్కాల నిరసనకారులు రోడ్డెక్కి వెనక్కి తీసుకునేలా చేశారు. కెనడాలో ఇంటింటికీ రిబేటు ఇచ్చినా, వచ్చే డబ్బు కనబడక కట్టే డబ్బే కనబడటంతో 2025 ఏప్రిల్లో వినియోగదారుల కర్బన రుసుముకు స్వస్తి చెప్పారు.

సింగరేణి పద్దు

వాతావరణ విధానం వల్ల తెలుగు నేల మీద స్పష్టంగా నష్టపోయే చోటు ఏదంటే సింగరేణి. కొత్తగూడెం, మంచిర్యాల, గోదావరిఖని, భూపాలపల్లి - ఈ ఊళ్ల అంగళ్లు నడిచేది బొగ్గు జీతాలతో. దసరా ముందు కార్మికులకు పంచే లాభాల వాటాతో అక్కడి బట్టల కొట్లు, బైక్ షోరూములు ఏడాది వ్యాపారం చేసుకుంటాయి. 2024లో లాభంలో 33 శాతం పంచారు. రెగ్యులర్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు, మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికుడికి 5 వేల రూపాయలు. ఈ రెండు అంకెల మధ్య దూరమే రేపటి సమస్య.

నిజానికి సింగరేణిలో ఉద్యోగాలు తీసింది పారిస్ ఒప్పందం కాదు. తొంభైల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుకు తగ్గారు. తవ్వే బొగ్గు మాత్రం రెట్టింపునకు పైగా పెరిగి ఏటా 7 కోట్ల టన్నులకు చేరింది. భూగర్భ గనులు మూతపడి ఓపెన్ కాస్టులు రావడం, యంత్రాలు, మట్టి తీసే పనుల్ని కాంట్రాక్టుకివ్వడం ఆ పని చేశాయి. దేశానికి మరో రెండు దశాబ్దాలు బొగ్గు అవసరమని ప్రభుత్వం చెబుతున్నది కూడా సరైనదే కావచ్చు. స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదేనని 2025లో ప్రకటించుకున్నా, వాడే కరెంటులో దాదాపు ముప్పాతిక వంతు ఇప్పటికీ బొగ్గుదే. కానీ ఖరీదైన, లోతైన గనులు ముందు మూతపడతాయి, ఆ కోవలోవి సింగరేణికి తక్కువేమీ లేవు.

జర్మనీ రూర్ ప్రాంతంలో చివరి బొగ్గు గనిని 2018 డిసెంబరులో మూసేటప్పటికి బలవంతపు ఉద్వాసన ఒక్కటీ లేదు. అందుకు దశాబ్దాల పాటు సబ్సిడీ పోశారు. లిగ్నైట్ ప్రాంతాలకు 2038 వరకు 4 వేల కోట్ల యూరోలు చట్టంలోనే రాశారు. దక్షిణాఫ్రికాకు 2021లో సంపన్న దేశాలు 850 కోట్ల డాలర్లు వాగ్దానం చేశాయి, అందులో ఎక్కువ భాగం అప్పులు. కొమాటి విద్యుత్ కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూశారు. ప్రత్యామ్నాయ ఉపాధి సిద్ధం కాకముందే మూసివేత వచ్చిపడి ఆ పట్టణం దెబ్బతింది. 2025లో అమెరికా ఆ భాగస్వామ్యం నుంచే తప్పుకొంది. జర్మనీ అంత డబ్బు మన దగ్గర లేదు, కొమాటి దారి మనకు వద్దు. మధ్యేమార్గానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడే చెప్పవచ్చు. బొగ్గుపై 14 శాతం రాయల్టీ రాష్ట్రానికి వస్తోంది, జిల్లా ఖనిజ నిధులున్నాయి, కొత్తగా 18 శాతం జీఎస్టీ ఉంది. వీటిలో ఒక నిర్ణీత వాటాను గని మూతపడే ఊళ్ల పేరిట విడిగా జమ చేయాలి. దాన్ని సెస్సు నిధిలా సాధారణ ఖజానాలో కలపకుండా చట్టంతో కట్టడి చేయాలి. ముందుగా చేయాల్సింది ఇంకా చిన్న పని: ఓపెన్ కాస్టుల్లో టిప్పర్లు నడిపే, మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులెందరో, ఏ ఊరివారో, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో కాంట్రాక్టరు మారినా చెరగని రిజిస్టరు ఒకటి తెరవాలి. అందులో పేరు లేనివారికి రేపు ఏ అంతర్జాతీయ నిధి నుంచీ పరిహారం అందదు.